ఏసుపాదం గారి నాలుగు సెకన్లు

రెజిమెంటు కేంద్రం నుంచి నా పేరున ఒక ఫారం వచ్చింది. ఉత్సవాల సంచికలో వేస్తాం, మీ భర్తగారి సర్వీసు వివరాలు ఒక పేజీకి మించకుండా రాసి పంపండి అని. మా ఆయన నిక్షేపంగా ఉన్నారు, పెరట్లో కుళాయికి వాషరు మారుస్తున్నారు. మరి ఫారం నాకెందుకు పంపారయ్యా అంటే, ఆయనకు రెండుసార్లు పంపితే రెండుసార్లూ పేరూ నంబరూ మాత్రం రాసి తిప్పి పంపారట. 'సాధించిన ముఖ్య విజయాలు' అన్న గడిలో అడ్డంగా గీత కొట్టారట.

సరే, నేనే రాస్తాను. పేజీ దాటితే వాళ్ళ ఖర్మ.

మేజర్ జనరల్ లంక దాలినాయుడు. ఊరు బొబ్బిలి పక్కన. సైన్యంలో ఇంజనీరింగు దళం. వీళ్ళని సాపర్లంటారు. వంతెనలు కట్టడం, రోడ్లు వెయ్యడం, సరిహద్దులో మందుపాతరలు పెట్టడం, యుద్ధం సద్దుమణిగాక ఆ పాతరలన్నీ మళ్ళీ ఏరుకోవడం వీళ్ళ పని. ముప్ఫై మూడేళ్ళ సర్వీసు, పందొమ్మిది ఇళ్ళు. ఉత్తరాది వాళ్ళకు ఆయన పేరు నోరు తిరగక 'డాలీ' అనేవారు. ఆరడుగుల మీసాల మనిషిని పట్టుకుని "డాలీ సార్, డాలీ సార్" అంటుంటే పెళ్ళైన కొత్తలో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేదాన్ని.

నేను ఫిజియోథెరపిస్టుని. ఎక్కడికి బదిలీ అయితే అక్కడి మిలిటరీ ఆసుపత్రిలో పనిచేశాను. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా చేతులు. విరిగినవీ, కాలినవీ, సగమే మిగిలినవీ. నా సంగతి ఇక్కడ ఎందుకంటే, ఈ కథలో నా తప్పు కూడా ఒకటుంది. దాన్ని నేను దాచను.

ఆయన లెఫ్టినెంటుగా ఉన్నప్పటి సంగతితో మొదలుపెట్టాలి. పడమటి ఎడారిలో రెండు సైన్యాలు పది నెలలు ఎదురెదురుగా నిలబడి, యుద్ధం చెయ్యకుండానే వెనక్కి మళ్ళిన ఏడు అది. మనవాళ్ళు పాతిన పాతరలను మనవాళ్ళే ఏరాలి. ఎడారిలో గాలికి ఇసుక కదులుతుంది, దాంతో పాతరలూ కదులుతాయి. పటంలో ఒకచోట ఉంటే నేలలో ఇంకోచోట ఉంటాయి. సన్నని ఇనుప చువ్వతో ఏటవాలుగా గుచ్చుకుంటూ వెతకడం, తగిలితే వేళ్ళతో ఇసుక తొలిచి పైకి తియ్యడం. యంత్రాలు రాని గుట్టల మీద ఇదొక్కటే దారి.

అక్కడ ఈయనకు పని నేర్పింది ఏసుపాదం అనే హవల్దారు. బాపట్ల దగ్గర మనిషి. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ ఏదో నములుతున్నట్టు దవడ ఆడిస్తూ ఉండేవాడు. ఆయన ప్రతి పాతర చుట్టూ ఇసుక తొలిచాక, ఎత్తే ముందు, చెయ్యి దాని మీద గాల్లో నిలిపి కళ్ళు మూసుకునేవాడట. ఒక నాలుగు సెకన్లు. ప్రార్థన చేసుకుంటున్నాడని దళమంతా అనుకునేది, ఆయనా అదే చెప్పేవాడు. అప్పుడప్పుడు కళ్ళు తెరిచి, "దీన్ని చేత్తో ఎత్తొద్దు, ప్రభువు వద్దంటన్నాడు" అనేవాడు. కొక్కెం తగిలించి, తాడు కట్టి, అందరూ దూరంగా పడుకుని లాగేవారు.

ఒకనాడు మా ఆయన సొంతంగా ఒక పాతర తొలిచి చెయ్యి వెయ్యబోతుంటే ఏసుపాదం మణికట్టు పట్టుకున్నాడట. "సార్, ఒక్క నిమిషం నన్ను చూడనీండి" అని తన చెయ్యి పెట్టి, ఆగి, "వద్దు సార్, తాడేద్దాం" అన్నాడట. తాడు లాగితే రెండు పేలుళ్ళు వినిపించాయి. కింద ఇంకో పాతర ఉంది. ఆ తరవాత ఏడాదికి మా పెళ్ళి. ఏసుపాదం ఆ రోజు ఆ మణికట్టు పట్టుకోకపోతే ఈ ఫారం నాకు వచ్చేదే కాదు.

ఇంక మధ్యలో ఇరవై ఆరేళ్ళు వంతెనలు, సొరంగాలు, పతకాలు. అవన్నీ వాళ్ళ రికార్డులో ఉన్నాయి, నేను రాయక్కర్లేదు.

ఆయన బ్రిగేడియరుగా హైదరాబాదు శివారులో ఒక చిన్న ప్రయోగశాలకు అధిపతిగా వచ్చేసరికి, ఏసుపాదం సుబేదార్ మేజర్ అయ్యాడు, రిటైర్మెంటుకు తొమ్మిది నెలలుంది. ఈయనకు దిగులు పట్టుకుంది. "ఆ చేతులు ఇంటికెళ్ళిపోతాయి హైమా. ఏం తెలుసో ఆయన నోటితో చెప్పలేడు. వేళ్ళకే తెలుసు" అని అన్నం కలుపుతూ అనేవారు. అన్నం కలపడం మానేసి వేళ్ళ వంక చూసుకునేవారు.

అలా పుట్టింది 'ఉస్తాద్'. సైన్యంలో పని నేర్పేవాణ్ణి ఉస్తాద్ అంటారు కదా, ఆ పేరే పెట్టారు. అదొక గ్లౌజు. దాని అల్లికలో వెంట్రుకంత తీగలు, ప్రతి కీలు దగ్గరా ఆవగింజంత మోటార్లు. ఏసుపాదం ఒక గ్లౌజు వేసుకుని తొమ్మిది నెలలు పాతరలు ఏరాడు. ఆ వేళ్ళు ఎప్పుడు ఎంత వంగాయి, ఎంత నొక్కాయి, ఎక్కడ వెనక్కి తగ్గాయి అన్నీ అది రాసుకుంది. తరవాత అలాంటిదే ఇంకో గ్లౌజు ఎవరు వేసుకున్నా, వాళ్ళ వేళ్ళను అది ఏసుపాదం వేళ్ళలా నడిపిస్తుంది.

అలా నడిపించే మొదటి గ్లౌజు తయారైన ఆదివారం పొద్దున్నే మా ఆయన నా వడియాల పళ్ళెం నిండా ఇసుక పోసి, అందులో ఒక పౌడరు డబ్బా పాతి, డైనింగు బల్ల మీద పెట్టారు.

"అది వడియాల పళ్ళెమండీ!" అన్నాను.

"కడిగిస్తానులే. చెయ్యి పెట్టు."

పెట్టాను. నిజం చెప్పొద్దూ, నా చెయ్యి నాది కాదు. బెదురు లేకుండా, తొందర లేకుండా ఇసుకను పక్కకు తోస్తోంది. ఎన్నేళ్ళ నుంచో అలవాటైన పని చేస్తున్నట్టుంది. డబ్బా మూత బయటపడింది. ఎత్తేస్తుందనుకునేసరికి చెయ్యి దాని మీద నిలబడిపోయింది.

"ఏమైంది? మధ్యలో ఆగిపోయిందేంటి? పాడైందా?"

మా ఆయన నవ్వారు. "పాడవలేదు. అది ఏసుపాదం గారి ప్రార్థన."

"అయ్యో రామా, ప్రార్థన కూడా పట్టేసిందా మీ గ్లౌజు? తీసెయ్యండి బాబూ, బావుండదు. ఆయన దేవుడూ ఆయనా మాట్లాడుకునేది మనకెందుకు?"

ఇదిగో, ఇదే నా తప్పు. తియ్యమన్న మొదటి మనిషిని నేను. చేతుల గురించి ఇరవై ఏళ్ళు చదివినదాన్ని, ఆగిన చేతిని చూసి, అది ఏం చేస్తోందని ఒక్కసారి కూడా అనుకోలేదు. స్టవ్ మీద పప్పు మాడుతోందని లేచి వెళ్ళిపోయాను.

ఆయనకూ అప్పటికే ఆ ఆలోచన ఉంది. వాళ్ళ దళంలో అన్ని మతాల దేవుళ్ళనూ ఒకే కప్పు కింద పెట్టుకుంటారు, అధికారి అందరి పండగలకూ ముందు వరసలో కూర్చుంటాడు. అలాంటిచోట ఒకరి ప్రార్థనను పరికరంలో పెట్టి వేలమంది చేతులకు తొడగడం పద్ధతి కాదనుకున్నారు. ఏసుపాదానికీ అది మర్యాద కాదనుకున్నారు. పైగా ఢిల్లీ వాళ్ళు గంటకు ఎన్ని పాతరలు ఏరుతుందని అడుగుతున్నారు. ఆ నాలుగు సెకన్లూ, వాటి ముందూ వెనకా ఉన్న తటపటాయింపూ తీసేస్తే గంటకు పదకొండు కాస్తా పదహారైంది. ఏసుపాదం తాడు వేసి లాగించిన పాతరలు నూటికి మూడో నాలుగో ఉన్నాయి. ఆ పాఠాలను 'అసంపూర్తి' అని పక్కన పెట్టేశారు, ఎందుకంటే వాటిలో చెయ్యి పని పూర్తి చెయ్యలేదు. కత్తిరింపు పని కింది వాళ్ళకు అప్పగించకుండా ఆయనే స్వయంగా కూర్చుని చేశారు. ఏసుపాదం మీద గౌరవంతోనే చేశారు. నేను సాక్ష్యం.

ఉస్తాద్ పెద్ద విజయం. రెండేళ్ళలో మూడు వందల గ్లౌజులు సరిహద్దుకు వెళ్ళాయి. ఆయన మేజర్ జనరల్ అయ్యారు. గ్లౌజును దళానికి అప్పగించే సభకు ఏసుపాదాన్ని బాపట్ల నుంచి పిలిపించి శాలువా కప్పారు. తెల్లచొక్కా వేసుకుని, భార్య ఇచ్చిన సున్నుండల డబ్బా పట్టుకుని వచ్చాడు. గ్లౌజు తొడిగి ఇసుకలో చెయ్యి పెట్టించారు. చూసి, చూసి, "ఇది నా చెయ్యేనా సార్? తొందరపడతంది" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టి నవ్వారు. నేనూ నవ్వాను.

తరవాతి వేసవిలో ఎడారిలో పెద్ద గాలులు వచ్చాయి. గుట్టలకు గుట్టలే జరిగాయట. వానాకాలం మొదలయ్యేసరికి ముగ్గురికి ప్రమాదం. ఒకరికి కన్ను పోయింది. ఒకరికి మూడు వేళ్ళు. మూడోవాడు ఓబులేసు, కడప జిల్లా కుర్రాడు, ఇరవై ఆరేళ్ళు. కుడి చెయ్యి మణికట్టు పై దాకా పోయింది. అతన్ని మా ఆసుపత్రికి తెచ్చారు.

మిగిలిన చేతికి ఎడమచేతి వాటం నేర్పడం నా పని. ఓబులేసు మాట్లాడేవాడు కాదు. చెంచా పట్టుకోమంటే పట్టుకునేవాడు, వదలమంటే వదిలేవాడు. మూడో వారంలో ఒకరోజు, బంతి నొక్కుతూ తనే మొదలుపెట్టాడు.

"మేడం, కాగితం మీద ఏం రాసినారో మీకు తెల్సునా?"

"తెలియదయ్యా."

"నేను బెదిరినానంట. గ్లౌజు చెప్పినట్టు చెయ్యకుండా ఎదురు లాగినానంట. అందుకే పేలిందంట. తప్పు నాదేనంట."

"మరి నువ్వేమంటావు?"

బంతి పక్కన పెట్టాడు. "నేను ఏసుపాదం సార్ కాడ ఆర్నెల్లు నేర్చుకున్యా. ఆయన ఆగుతాడు. నాకూ అదే అలవాటు. ఆ పొద్దు నా చెయ్యి ఆగింది మేడం. ఇసుక ఏదో మెదుల్తా ఉండాది అనిపించింది. గ్లౌజు పోనీ పోనీ అని లాగింది. నేను పట్టుకున్యా. అది మోటారు, నాది ఏలు. ఎంతసేపు పట్టుకుంటా?"

"ఇది విచారణలో చెప్పలేదా?"

"చెప్పినా. రాసుకోలా. మా నాయన కూడా కాగితం చదివించుకుని, ఎందుకు బెదిరినావురా అన్యాడు."

ఆ విచారణ కాగితం అడుగున సాంకేతిక అభిప్రాయం ఎవరు రాశారో నాకు తెలుసు. మా ఆయన. 'పరికరంలో లోపం లేదు. వాడిన వ్యక్తి ఒకటిన్నర సెకను పరికరాన్ని ప్రతిఘటించినట్టు గ్లౌజులోని రికార్డు చూపుతోంది. సంకోచమే కారణం.' ముగ్గురి కాగితాల మీదా అదే అభిప్రాయం, సెకన్లు మాత్రం వేరు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పాను. మా ఆయనకు కోపం రాదు, వస్తే మాత్రం బొబ్బిలి భాష వచ్చేస్తుంది.

"ఏటి హైమా నువ్వనేది? రికార్డు అబద్ధం ఆడతాదేటి?"

"అబద్ధమని నేననలేదు. ఎదురు లాగాడు, నిజమే. ఎందుకు లాగాడో మీరు అడగలేదు."

"బెదిరిపోయాడు."

"ముగ్గురూనా? ముగ్గురూ ఏసుపాదం శిష్యులే, చూసుకోండి."

 నేను లేచి బీరువాలోంచి ఆ మొట్టమొదటి గ్లౌజు తీశాను. జ్ఞాపకంగా దాచుకున్నారు, అందులో కత్తిరింపులు లేవు. వడియాల పళ్ళెంలో ఇసుక పోశాను. "కడిగిస్తానులెండి" అని కూడా అన్నాను, ఎత్తిపొడుపుగానే. ఈసారి ఒక డబ్బా మీద ఇంకో డబ్బా కొంచెం ఒరిగేట్టు పాతాను.

చెయ్యి వెళ్ళింది. తొలిచింది. మూత బయటపడింది. ఆగింది.

ఈసారి నేను కళ్ళు మూసుకున్నాను. నాలుగు వేళ్ళూ గాల్లోనే ఉన్నాయి. కానీ చిటికెనవేలు గాల్లో లేదు. దాని కొస ఇసుక అంచుకు తగిలీ తగలనట్టు ఆనించి ఉంది. దాని మీద బరువు లేదు, ఉత్తి స్పర్శ. కింద ఏదైనా డొల్లగా ఉంటే, తొలిచిన ఇసుక సర్దుకోకుండా లోపలికి సన్నగా కారుతూనే ఉంటుంది. కంటికి కనిపించదు. చిటికెనవేలి కొసకు చీమ నడిచినట్టుంటుంది. ఆ కారడం నాలుగు సెకన్లలో ఆగిపోతే చెయ్యి ఎత్తేది. ఆగకపోతే తాడు.

"ఆయన ప్రార్థన చెయ్యట్లేదండీ," అన్నాను. "వింటున్నాడు. మీరూ చూడండి."

మా ఆయన గ్లౌజు వేసుకున్నారు. అది ఆగినచోట ఆగారు. నాలుగు సెకన్లు, ఎనిమిది, పన్నెండు. తీయకుండా అలాగే కూర్చున్నారు. ముప్ఫై ఏళ్ళ కిందట ఆ చెయ్యి తన మణికట్టు పట్టుకున్న సంగతి గుర్తొచ్చి ఉంటుంది. "ఎంత పని చేసినాను హైమా," అన్నారు చివరికి. అంతకుముందుగానీ తరవాతగానీ ఆయన గొంతు అలా నేను వినలేదు.

మర్నాడు ప్రయోగశాలకు వెళ్ళి, పక్కన పెట్టేసిన 'అసంపూర్తి' పాఠాలన్నీ తీయించారు. ఏసుపాదం తాడు వేయించినవి ఆ తొమ్మిది నెలల్లో అరవై ఒకటి. అరవై ఒకటిలోనూ కింద ఏదో ఒకటి ఉంది. ఇంకో పాతరో, ఎలక బొరియో, విరిగిన పెట్టో. ప్రభువు ఒక్కసారి కూడా పొరబడలేదు.

ఆ వారమే ఏసుపాదాన్ని పిలిపించారు. మా ఇంట్లోనే కూర్చుని మాట్లాడుకున్నారు. తన చిటికెనవేలి రికార్డు గీతలను తెర మీద చూపిస్తే ఏసుపాదం కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి జరిగి చూశాడు.

"ఇది మీకెవరు నేర్పారు సాబ్?" అని మా ఆయన అడిగారు. సుబేదార్లను అధికారులు కూడా సాబ్ అనే పిలుస్తారు.

"మా ఉస్తాద్ సార్. మస్తాన్ వలీ గారు. ఆయన ఆగి బిస్మిల్లా చదువుకునేవాడు. నన్ను నీ దేవుణ్ణి తలుచుకోమన్నాడు. తలుచుకుని, మనసొప్పితే ఎత్తు, ఒప్పకపోతే వదిలెయ్ అన్నాడు. అంతే నేర్పింది."

"చిటికెనవేలు ఆనించమన్నాడా?"

"అనలేదండీ. ఆయన చెయ్యి ఎట్టా పెడితే నేనూ అట్టానే పెట్టా."

 ఏసుపాదం తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు, అది కొత్తగా ఎవరో ఇచ్చిన వస్తువన్నట్టు.

"అయితే సార్, ముప్ఫై ఏళ్ళు నేను ప్రార్థన చెయ్యలేదంటారా?"

 నేనే, "రెండూ చేశారండీ," అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను.

"అదీ నిజమేలే అమ్మా," అన్నాడు ఏసుపాదం. "ఏలు నాకు చెప్పిందో, ప్రభువు ఏలికి చెప్పాడో. అది మీ మిషనులో పడదులే." తరవాత మా ఆయన వైపు తిరిగి, "ఆ రోజు సభలో తొందరపడతందని నేను చెప్పా సార్. మీరందరూ నవ్వారు," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

భోజనం చెయ్యమంటే చేశాడు. అన్నం ముందు చెయ్యి చాపి కళ్ళు మూసుకోబోయి, ఆగి, చిటికెనవేలు వంక చూసుకుని, చెయ్యి ఒళ్ళో పెట్టేసుకున్నాడు. ప్రార్థన లేకుండానే తిన్నాడు. ఒక మనిషి దగ్గరనుంచి మేం ఏం తీసుకున్నామో నాకప్పుడు తెలిసింది.

ఇక మా ఆయన ముందు ఉన్నది చిన్న పనే. ఢిల్లీ నుంచి ఆయన పై అధికారి ఫోను చేశాడు. స్నేహితుడే, మంచివాడే. స్పీకరులో నేనూ విన్నాను. కొత్త గ్లౌజుల్లో ఆ నాలుగు సెకన్లు చడీచప్పుడు లేకుండా కలిపేద్దాం, పాత గ్లౌజులను 'నవీకరణ' పేరుతో వెనక్కి రప్పిద్దాం, ఇకముందు ఎవరికీ ఏమీ కాదు, మూసేసిన విచారణలు మాత్రం కదపొద్దు అన్నాడు. లెఫ్టినెంట్ జనరల్ పదోన్నతి బోర్డు మూడు వారాల్లో ఉంది, డాలీ పేరే మొదట ఉంది, ఇంజనీరింగు దళానికంతటికీ అధిపతి అవుతావు, అప్పుడు ఆ ముగ్గురికీ నువ్వే ఏదైనా చెయ్యొచ్చు అని కూడా అన్నాడు. ఆ ఆఖరి మాట బాగానే పనిచేసింది. ఫోను పెట్టేశాక మా ఆయన రెండు రోజులు దాని మీదే ఉన్నారు.

"పదవి వచ్చాక చేస్తే ఇంకా గట్టిగా చెయ్యొచ్చు కదా?" అని మూడోరోజు కాఫీ తాగుతూ అడిగారు.

"చెయ్యొచ్చు," అన్నాను. "ఈలోపు ఓబులేసు నాన్న రోజూ వాణ్ణి ఎందుకు బెదిరావని అడుగుతూ ఉంటాడు. పదవి వచ్చాక నాలుగు నెలలు సర్దుకోవాలి. తరవాత ఇంకేదో వస్తుంది. మీరు ఒకటిన్నర సెకను కూడా ఆగరు, ఆ మోటారు మిమ్మల్నీ లాగుతుంది."

ఆయన గ్లాసు కింద పెట్టారు. నేనలా మాట్లాడినందుకు బాధపడ్డాను. లెఫ్టినెంట్ జనరల్ అయితే వచ్చే ఆ మూడో నక్షత్రం నాకు మాత్రం అక్కర్లేదా? పందొమ్మిది ఇళ్ళు మూటలు కట్టి విప్పింది ఎవరు? కావాలనే ఉంది. ఇప్పటికీ అప్పుడప్పుడు ఉంది.

ఆ మధ్యాహ్నం ఆయన కూర్చుని రెండు పేజీలు రాశారు. నాలుగు సెకన్లను తొలగించింది తానేనని, అవి ప్రార్థన అనుకుని తొలగించానని, ఆ నిర్ణయంలో తన సిబ్బందికి భాగం లేదని, ముగ్గురు సాపర్ల విచారణలో తాను ఇచ్చిన సాంకేతిక అభిప్రాయం తప్పని, ముగ్గురూ సరైన సమయంలో సరిగ్గా ఆగారని, వాళ్ళను ఆగనివ్వనిది తన పరికరమని. నా పేరు రాయలేదు. నేను అడిగితే, "నువ్వు అన్నావంతే. కత్తిరించింది నేను," అన్నారు.

బోర్డులో ఆయన పేరు పోయింది. మందలింపు వచ్చింది. ఏడాదిన్నర ముందే రిటైరయ్యారు. గ్లౌజులన్నీ వెనక్కి వచ్చి, నాలుగు సెకన్లతో, తాడు వేసిన అరవై ఒక్క పాఠాలతో మళ్ళీ వెళ్ళాయి. గంటకు పదకొండు పాతరలే. ఇప్పుడు కొత్త కుర్రాళ్ళు గ్లౌజు ఆగగానే "ఏసుపాదం వచ్చాడు" అనుకుంటారట. అలా ఆగినప్పుడు ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకుంటారట, లేనివాళ్ళు ఊరికే ఊపిరి పీల్చుకుంటారట.

ఆయన రిటైరయ్యే ముందే ముగ్గురి విచారణలూ తిరగరాశారు. కొత్త కాగితాలు పోస్టులో పంపుతామని చెబితే, మా ఆయన తానే తీసుకెళ్తానన్నారు. మొదటి ఇద్దరి ఇళ్ళకూ ఒక్కరే వెళ్ళొచ్చారు. ఓబులేసు ఇంటికి నన్నూ రమ్మన్నారు.

ప్రొద్దుటూరు నుంచి ముప్పావు గంట. రేకుల ఇల్లు, ముందు బత్తాయి చెట్లు, అక్కడ చీనీ అంటారు. ఓబులేసు ఎడమచేత్తో కుర్చీలు తెచ్చి వేశాడు, నేను నేర్పినట్టే వీపు సరిగ్గా పెట్టి ఎత్తాడు. వాళ్ళ నాన్న గుంజకు ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. మా ఆయన యూనిఫాంలో రాలేదు, తెల్ల చొక్కా వేసుకున్నారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని, తెలుగులో చదివి వినిపించారు. తన పేరు వచ్చినచోట గొంతు తగ్గించలేదు. తప్పు అన్నచోట తప్పు అనే చదివారు.

అయిపోయాక ఓబులేసు అడిగింది ఒక్కటే.

"సార్, ఆ పొద్దు నేను ఆగినా కదా?"

"ఆగావు," అన్నారు మా ఆయన. "ఒకటిన్నర సెకను. మోటారుకు ఎదురుగా. అంతసేపు పట్టుకోవడం నా వల్లయ్యేది కాదు."

ఓబులేసు వాళ్ళ నాన్న వైపు తిరిగాడు. "ఇన్యావా నాయనా," అన్నాడు. "నేను బెదరలా. ఆగినా."

ఆ పెద్దాయన గుంజ వదిలి వచ్చి కొడుకు ఎడమచెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. మా ఆయన కాగితం మడతపెట్టి కుర్చీ మీద ఉంచి, చెట్ల వైపు నడిచి వెళ్ళిపోయారు.

పేజీ దాటింది, నాకు తెలుసు. వాళ్ళు ఎలాగూ వంతెనల జాబితా వేసుకుంటారు. 'సాధించిన ముఖ్య విజయాలు' అన్న గడి మాత్రం నేను ఖాళీగా వదలడం లేదు. అందులో 'సాపర్ ఓబులేసు ఆగాడు' అని రాశాను. ఆయనకు చూపించాను, కొట్టెయ్యలేదు.